వరదలో పంట పోతే ఆడరైతు పేరు మీదే పరిహారం పడాలంటే ఏం చేయాలి

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్లు కిందికి వచ్చినప్పుడు మా లంకలో అరటి, పసుపు, కంద అన్నీ మునిగిపోయాయి. నీళ్లు తీశాక మా చిన్నమ్మ అడిగిన మొదటి మాట, "అప్లికేషన్ ఎక్కడ పెట్టాలే?" పొలం కౌలుకి తీసుకుని, పిలక నాటిన దగ్గర్నుంచి గెల కొట్టేదాకా చేసింది ఆవిడే. కానీ ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదులో ఉన్నది బాబాయి పేరు, ఆయనేమో హైదరాబాద్‌లో పనిలో ఉన్నాడు. అలాంటి వాళ్ల కోసమే ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతి ఎలా నడుస్తుందో రాస్తున్నాను.

వరద వచ్చాక ఎక్కడో ఫారం నింపితే డబ్బులు పడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి వ్యవసాయ, రెవెన్యూ సిబ్బందే పొలానికి వచ్చి నష్టం రాసుకుంటారు, వాళ్లు ముందుగా చూసేది ఈ-పంటలో ఆ పొలం ఎవరి పేరు మీద ఉందో. అంటే అసలు దరఖాస్తు పంట వేసిన రోజుల్లోనే, వరద ఊసు లేనప్పుడే అయిపోవాలి. కాబట్టి సాగు చేసేది మీరైతే ఆధార్, బ్యాంకు పుస్తకం, సర్వే నంబరు వివరాలు తీసుకుని మీరే రైతు సేవా కేంద్రానికి వెళ్లండి, గ్రామ వ్యవసాయ సహాయకుల దగ్గర (అరటి, పసుపు లాంటివైతే ఉద్యాన సహాయకుల దగ్గర) మీ పేరు ఎక్కించుకుని వేలిముద్ర వేసి రండి. మగవాళ్లు వెళ్తారులే అని ఇంట్లో కూర్చోవద్దు, దయచేసి.

కౌలు అయితే సాగుదారు హక్కుల కార్డు కావాలి. రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే ఈ కార్డు 11 నెలలు చెల్లుతుంది, భూమి మీద హక్కేమీ రాదు, అయినా యజమానులు సంతకం పెట్టడానికి భయపడతారు. ఆ మాట వాళ్లకి నెమ్మదిగా చెప్పి ఒప్పించాల్సిందే. భర్త చనిపోయి పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంటే, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుని పేరు మార్పు పని వానలు పడకముందే మొదలుపెట్టండి.

ఇక వరద వచ్చాక. సిబ్బంది వచ్చేదాకా పాడైన పంటను తీసేయకండి, ఫొటోలు తీసి పెట్టుకోండి, వాళ్లు వచ్చిన రోజు మీరే పొలంలో ఉండండి. 33 శాతానికి పైగా నష్టం ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. 2022-26 కేంద్ర నిబంధనల్లో నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000, వర్షాధారమైతే 8,500, బహువార్షిక పంటలకు 22,500 రూపాయలు, అదీ 2 హెక్టార్ల వరకే. ఎకరం లెక్కన 17,000 అంటే 7 వేల లోపే, పెట్టిన ఖర్చుకి అది ఏ మూలకీ రాదు, అందుకే ఉన్నదైనా పోగొట్టుకోకూడదు. పొలంలో 3 అంగుళాల పైన ఇసుక మేట వేస్తే దాన్ని తీయించడానికి హెక్టారుకు 18,000 వేరుగా ఉంది, అది కూడా రాయమని అడగండి.

గేదె పోతే పాతిపెట్టే ముందు పశువైద్యుడికి చూపించి కాగితం రాయించుకోండి. పైన చెప్పిన 2022-26 కేంద్ర నిబంధనల్లో పాడి పశువుకి 37,500 చొప్పున 3 పశువుల దాకా ఉంది. పాల డబ్బులతోనే డ్వాక్రా కిస్తీ కట్టే ఇళ్లలో పంట కంటే ఇదే పెద్ద దెబ్బ. నాట్లు, కలుపు కూలి పోయిన వాళ్లకి మాత్రం ఈ పంట లెక్కలో చోటే లేదు, నాకు ఎప్పుడూ బాధ కలిగించేది అదే.

పంటల బీమా కట్టి ఉంటే అది వేరే దారి. కోసి ఆరబెట్టిన పనలు కోసిన 14 రోజుల్లోపు తడిసిపోతే, నష్టం జరిగిన 72 గంటల్లో 14447కి ఫోన్ చేసి చెప్పాలి.

నష్టం రాసుకోవడం అయ్యాక జాబితాను రైతు సేవా కేంద్రంలో పెడతారు. అందులో మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మీరే చూసుకోండి, చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి. తప్పుంటే అభ్యంతరం కాగితం మీద రాసి ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి, నోటిమాటగా చెప్పి వచ్చేయవద్దు. అక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. డబ్బులు ఆధార్‌తో లింకైన ఖాతాలోనే పడతాయి, కాబట్టి మీ ఆధార్ ఏ ఖాతాకి లింకయి ఉందో బ్యాంకులో ముందే అడిగి తెలుసుకోండి.