వర్షారణ్యం బయోమాస్ తక్కువ వస్తోందా? ముందు పిక్సెల్ సైజు చూడండి

సమస్య: పైనుంచి కొలిచిన చెట్ల ఎత్తులను బట్టి బయోమాస్ (చెట్లలో ఉన్న మొత్తం పదార్థం బరువు) లెక్కకట్టే మోడల్ ఇది. నల్లమలలోని అమ్రాబాద్ అడవి డేటాతో నడిపితే చక్కగా పనిచేసింది. అదే పద్ధతిని అమెజాన్‌కో బోర్నియోకో పెడితే, సూత్రంలోని గుణకాలు అక్కడి ప్లాట్లవే (చెట్లను నేల మీద టేపుతో కొలిచిన ముక్కలవే) వాడినా, మొత్తం బయోమాస్ బాగా తక్కువ వస్తోంది. పెద్ద చెట్లున్న చోట మరీ ఘోరం.

పాలమూరు, నల్లగొండ వైపు నుంచి పిల్లలు నాకు పంపే ఫైళ్లలో ఎక్కువ భాగం ఇదే కథ. ఈపాటికే రాండమ్ ఫారెస్ట్ అనే మోడల్ తీసేసి, ఇంకా క్లిష్టమైన న్యూరల్ నెట్‌వర్క్ పెట్టి ఉంటారు. ప్లాటు విస్తీర్ణమెంత, పిక్సెల్ (మ్యాపులో ఒక్క గడి) విస్తీర్ణమెంత అంటే మాత్రం జవాబుండదు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోకుండా కోడ్ ముట్టుకోవద్దు.

గుంటల్లో చెబితే మనకు తొందరగా ఎక్కుతుంది. అంతరిక్షం నుంచి చెట్ల ఎత్తు కొలిచే నాసా జెడై (GEDI) లేజర్ ఒక్కసారి నేల మీద చూసేది 25 మీటర్ల వ్యాసమున్న వలయం, అంటే ఐదు గుంటలకు కాస్త తక్కువ. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో 30 మీటర్ల పిక్సెల్ తొమ్మిది గుంటలు. హెక్టారు ప్లాటు దాదాపు రెండెకరాల పందొమ్మిది గుంటలు. హెక్టారులో నేర్చుకున్న సూత్రాన్ని ఐదు గుంటల మీద పెడితే తప్పు వస్తుంది. వర్షారణ్యంలో ఒక్క మహావృక్షం కొమ్మలే ఆ ఐదు గుంటలూ కప్పేయగలవు, మొదలు మాత్రం వలయం బయట ఉండొచ్చు.

అసలు దొంగ: ముందే సగటు తీయడం. ఫైలు బరువుగా ఉందని ఎత్తుల రాస్టర్‌ను (గడికో అంకె ఉన్న మ్యాపు ఫైలును) ఒక కిలోమీటరు పిక్సెల్‌కు కుదించి, ఆ తర్వాత సూత్రం వేస్తారు. నాలుగు గళ్లలో ఎత్తులు 10, 10, 10, 40 మీటర్లు అనుకోండి. బయోమాస్ ఎత్తు వర్గంతో పెరుగుతుందనుకుందాం. ప్రతి గడికీ విడిగా వర్గం కట్టి సగటు తీస్తే 475. ముందే సగటు తీస్తే ఎత్తు 17.5, దాని వర్గం 306. మూడో వంతుకు పైగా మాయం! ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు, మ్యాపు చూడ్డానికి నున్నగా, అందంగా ఉంటుంది. పైగా పిక్సెల్ పెంచేకొద్దీ ఆర్-స్క్వేర్ (మోడల్ లెక్క అసలు కొలతలకు ఎంత సరిపోయిందో చెప్పే అంకె) కూడా పెరగొచ్చు, దాంతో మోడల్ బాగుపడిందని సంబరపడతారు. సగటులో హెచ్చుతగ్గులు కలిసిపోయాయి, అంతే.

అమ్రాబాద్‌లో ఇది ఎందుకు దొరకలేదు? అది టేకు, నల్లమద్ది ఉన్న ఆకురాల్చే అడవి. పైకప్పు తక్కువ ఎత్తులో, చాలావరకు ఒకే మట్టంలో ఉంటుంది. గళ్ల మధ్య తేడా తక్కువైతే ముందు సగటు తీసినా తర్వాత తీసినా పెద్ద తేడా రాదు. బోర్నియోలో 90 మీటర్లు దాటిన చెట్లున్నాయి, పక్కనే చెట్టు కూలి పడ్డ ఖాళీ ఉంటుంది. తప్పు బయటపడేది అక్కడే.

పరిష్కారం: సూత్రం ఏ సైజులో నేర్చుకుందో ఆ సైజులోనే వేయండి. ప్లాట్లు హెక్టారువైతే ఇన్‌పుట్‌ను 100 మీటర్ల గళ్లలోకి తెచ్చి, అక్కడ బయోమాస్ కట్టండి. ఆపైన కిలోమీటరు కావాలంటే వచ్చిన బయోమాస్‌కు సగటు తీయండి, ఎత్తులకు కాదు. చేతిలో కుదించిన రాస్టర్ ఒక్కటే ఉంటే, ప్రతి పిక్సెల్‌కూ ఎత్తుల వేరియెన్స్ (సగటు నుంచి తేడాల వర్గాల సగటు) సంపాదించండి. పై ఉదాహరణలో అది 168.75. దాన్ని 306.25కు కలపండి, 475 తిరిగొస్తుంది. వర్గం కాని సూత్రాలకు ఇది ఉజ్జాయింపు మాత్రమే. వేరియెన్స్ కూడా లేదంటే పాత ఫైలు వెతుక్కోవాల్సిందే, దగ్గరిదారి లేదు.

కొత్తగా ప్లాట్లు వేసేవాళ్లు వర్షారణ్యంలో హెక్టారుకు తగ్గకపోతే మంచిది. పది గుంటల ప్లాటులో ఒక్క పెద్ద చెట్టు లోపలుందా బయటుందా అన్నదాన్నిబట్టి లెక్క తారుమారవుతుంది.

మిగతావి అరుదు. జెడై వలయం స్థానం పది మీటర్ల వరకు పక్కకు జరగొచ్చు, అడవి అంచున పడ్డ వలయాలు తీసేయండి. మోడల్‌ను పరీక్షించే ప్లాట్లు శిక్షణ ప్లాట్ల పక్కనే ఉంటే మార్కులు ఊరికే ఎక్కువొస్తాయి, దూరంగా ఉన్న ఒక ప్రాంతాన్ని శిక్షణకు వాడకుండా పక్కన పెట్టి, దాని మీద పరీక్షించండి. మొదలు దగ్గర పలకల్లాంటి వేళ్లున్న చెట్లకు మామూలుగా కొలిచే 1.3 మీటర్ల ఎత్తు దగ్గర టేపు చుడితే చుట్టుకొలత పెరిగిపోతుంది, ఆ వేళ్లు అయిపోయాక పైన కొలవాలి.