హైదరాబాద్ నుంచి ఖాట్మండుకు రోడ్డు ప్రయాణం: సరిహద్దు పత్రాలు, కొండదారి

తెలుగు రాష్ట్రాల నుంచి సొంత కారులో ఖాట్మండు వెళ్లాలనుకునేవారు ముందుగా లెక్క వేసుకోవలసినది మొత్తం దూరాన్ని కాదు, చివరి రోజును. హైదరాబాద్ నుంచి నాగపూర్, జబల్పూర్, రీవా, ప్రయాగరాజ్ మీదుగా గోరఖ్‌పూర్ వరకు దాదాపు 1,400 కి.మీ. ఉన్నా, అందులో అధిక భాగం వెడల్పైన జాతీయ రహదారి కాబట్టి ఆ దారి అంతగా ఇబ్బంది పెట్టదు. సునౌలి సరిహద్దు దాటిన తరువాత ఖాట్మండుకు మిగిలే సుమారు 270 కి.మీ. మాత్రం ఒక పగలంతా తీసుకుంటుంది. వాన రోజుల్లో ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేము.

బీహార్‌లోని రక్సౌల్ మీదుగా బీర్‌గంజ్‌లోకి ప్రవేశించే మార్గం కూడా ఉంది. హైదరాబాద్ నుంచి రైలులో రక్సౌల్ చేరి, అక్కడ సరిహద్దు దాటి సుమో జీపు ఎక్కేవారికి అది అనుకూలం. హెటౌడా నుంచి కుళేఖాని మీదుగా ఆ జీపులు వెళ్లే అడ్డదారి దగ్గరిదే అయినా, చాలా ఇరుకుగా, నిటారుగా ఉంటుంది. దారి తెలియనివారు సొంత వాహనంతో అటు వెళ్లకపోవడమే మంచిది. దక్షిణాది నుంచి కారులో వచ్చేవారికి సునౌలి మార్గమే మేలని నా అభిప్రాయం.

భారత పౌరులకు నేపాల్ వీసా అవసరం లేదు. అలాగని ఏ గుర్తింపు పత్రమైనా సరిపోతుందనుకోకూడదు. పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గాని అసలుది వెంట ఉండాలి. ఆధార్ కార్డు 15 ఏళ్లలోపు పిల్లలకూ 65 ఏళ్లు దాటిన పెద్దలకూ మాత్రమే చెల్లుతుంది. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

వాహనం విషయంలో పని మరికొంత ఉంటుంది. సరిహద్దుకు అవతల ఉన్న బెలహియా వద్ద కస్టమ్స్ కార్యాలయంలో, అక్కడివారు 'భన్సార్' అని పిలిచే అనుమతిని తీసుకోవాలి. ఎన్ని రోజులు ఉంటారో చెప్పి, రోజుల లెక్కన రుసుము చెల్లించాలి. ఆర్‌సీ, డ్రైవింగ్ లైసెన్సు, బీమా, కాలుష్య ధృవపత్రం అసలువి చేతిలో ఉంచుకోవాలి. వాహనం మరొకరి పేరున ఉంటే యజమాని సంతకంతో అనుమతి లేఖ తీసుకువెళ్లాలి. చాలామంది పట్టించుకోని విషయం బీమా: మన వాహన బీమా సాధారణంగా భారతదేశ సరిహద్దుల వరకే వర్తిస్తుంది. కొంత అదనపు ప్రీమియం చెల్లిస్తే నేపాల్‌కు కూడా దానిని విస్తరిస్తారు కాబట్టి, బయలుదేరక ముందే బీమా సంస్థతో మాట్లాడి ఆ మార్పును రాతపూర్వకంగా పొందాలి.

ఈ పత్రాల పనిని ప్రయాణం చేసే రోజు ఉదయానికి వాయిదా వేస్తే, వరుసలో నిలబడేసరికే సగం పూట గడిచిపోతుంది. ముందు రోజు మధ్యాహ్నమే సరిహద్దు దాటి, పని ముగించుకుని, భైరహవాలో రాత్రి బస చేయడం ఉత్తమం. బుద్ధుడు జన్మించిన లుంబిని అక్కడికి సుమారు 25 కి.మీ. దూరంలోనే ఉంది కనుక ఆ సాయంత్రం వృథా కాదు. గడియారాన్ని 15 నిమిషాలు ముందుకు జరుపుకోవడం కూడా అప్పుడే చేయాలి.

మరునాడు తెల్లవారుతూనే బయలుదేరితే బుట్వల్ దాటి మధ్యాహ్నానికి ముందే నారాయణఘాట్ చేరవచ్చు. ఆ భాగమంతా చాలావరకు మైదాన ప్రాంతమే. అసలు జాగ్రత్త అక్కడి నుంచి మొదలవుతుంది. నారాయణఘాట్ నుంచి ముగ్లిన్ వరకు 36 కి.మీ. దారి ఒక పక్క కొండకూ మరో పక్క నదికీ మధ్య సాగుతుంది. 2024 జూలైలో ఈ దారిలోనే కొండచరియలు విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. అందుచేత జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు ఈ ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది, ఏ కాలంలోనైనా రాత్రివేళ ఈ దారి పట్టకూడదు. అక్టోబరు, నవంబరు నెలలు అన్నిటికన్నా అనుకూలమైనవి. అయితే మన దసరా రోజుల్లోనే వారికి దశైన్ పండుగ వస్తుంది కనుక, బస్సులో వెళ్లేవారు ఆ రోజులకు ముందుగానే సీట్లు ఖాయం చేసుకోవాలి.

ముగ్లిన్ వద్ద ఎడమకు తిరిగితే పోఖరా, కుడికి తిరిగితే ఖాట్మండు. కుడివైపు కొద్ది దూరంలో ఉన్న కురింతార్ నుంచి మనకామన ఆలయానికి రోప్‌వే ఉంది, భోజనానికి ఆగడానికి కూడా అదే సరైన చోటు. అక్కడి నుంచి నౌబిసే వరకు లారీల వెనుక ఓపికగా సాగాలి. మలుపుల వద్ద దాటివేయడానికి తొందరపడకూడదు. నౌబిసే దాటాక నాగ్‌ఢుంగా ఎత్తు ఎక్కి దిగితే కలంకి కూడలి వస్తుంది, నగరంలోకి ప్రవేశం అదే. పశుపతినాథ ఆలయం నగరానికి తూర్పు వైపున ఉంది కాబట్టి, ఇరుకు వీధుల్లో చిక్కుకోకుండా కలంకి నుంచి రింగ్‌రోడ్డు పట్టుకోవాలి. నగరంలో అనవసరంగా హారన్ మోగించడాన్ని 2017లోనే నిషేధించారు, మన అలవాటును కాస్త అదుపులో పెట్టుకోవాలి.

డబ్బు లెక్క సులభం: మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు, ఈ రేటు 1993 నుంచి మారలేదు. పెద్ద నోట్లపై అక్కడి నిబంధనలు పలుమార్లు మారినందున దుకాణదారులు వాటిని తీసుకోవడానికి వెనుకాడుతారు, కనుక 100 రూపాయల నోట్లే వెంట ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణంలో భన్సార్ గడువు ముగిసేలోపే సరిహద్దు దాటాలి, గడువు మించితే జరిమానా పడుతుంది. కొండచరియలు దారిని మూసివేసే అవకాశం ఉన్నందున, అనుమతి తీసుకునేటప్పుడే ఒక రోజు అదనంగా రాయించుకోవాలి.