ఓటరు నమోదు నేర్చుకుందాం – 4వ పాఠం: ఇల్లు లేనివారి చిరునామా

గత పాఠంలో ఫారం-6లో, అంటే కొత్త ఓటరు నమోదు దరఖాస్తులో, పేరు, వయసు గడులు నింపాం. ఈసారి ఒక్కటే గడి: చిరునామా. ఫుట్‌పాత్ మీద, వంతెనల కింద బతికేవారితో పనిచేసేటప్పుడు ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే.

ముందు చట్టం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటరుకు ఇల్లు ఉండాలని అడగదు, నియోజకవర్గంలో సాధారణంగా నివసిస్తూ ఉండాలంటుంది. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని 20వ సెక్షన్ తేల్చి చెబుతుంది. మేడ ఉన్నంత మాత్రాన ఓటు రాదు, లేనంత మాత్రాన పోదు.

మరి రుజువు? ఎన్నికల సంఘం దీనికి దారి చూపింది. ఫారంలో రాసిన చోటికి బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్‌ఓ, రాత్రి పూట వెళ్లి ఆ మనిషి నిజంగా అక్కడ నిద్రిస్తున్నాడో లేదో చూడాలి. ఒక్క రాత్రితో సరిపెట్టకూడదు. నిద్రిస్తున్నట్టు తేలితే నివాసానికి వేరే కాగితం అక్కరలేదు. కాబట్టి మన నైపుణ్యమంతా ఫారం నింపడంలో కాదు, బీఎల్‌ఓ వెళ్లిన రాత్రి ఆ మనిషి దొరికేలా చూడడంలో ఉంది.

మాట ఇలా సాగుతుంది.

“బాబాయ్, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారు?”

“ఎక్కడేముందమ్మా, వంతెన కిందే.”

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకండి.

“వాన పడితే?”

“ఎదురుగా బ్యాంకు అరుగు మీద. కొట్లు కట్టేశాకే వస్తాను. పదకొండవుతుంది.”

మీకు కావలసినవన్నీ ఆ జవాబులో ఉన్నాయి. ఎక్కువ రాత్రులు గడిపే చోటునే చిరునామాగా రాయండి. ‘వంతెన కింద’ అంటే చాలదు. హైదరాబాద్ మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్ వే స్తంభాలకు నంబర్లున్నాయి. అక్కడి దుకాణాలే వాటిని చిరునామాగా వాడుకుంటాయి, మనమూ వాడవచ్చు. నంబరు లేనిచోట పక్కనున్న గుడో, బడో, కొట్టో రాయండి. పదకొండు గంటల సంగతి బీఎల్‌ఓకు విడిగా చెప్పండి. తొమ్మిదింటికి వెళ్లి ‘ఎవరూ లేరు’ అని రాసుకుంటే ఆయన తప్పూ కాదు, బాబాయ్ తప్పూ కాదు.

బీఎల్‌ఓలలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు చాలామంది. అంత రాత్రి ఒంటరిగా వెళ్లడానికి జంకితే తోడు వెళతామనండి. చిరాకు పడి ఫిర్యాదుకు దిగడం కన్నా ఇదే పని జరిపిస్తుంది. అయితే చూసి నిర్ధారించేది బీఎల్‌ఓనే. బీఎల్‌ఓ బదులు మీరు జవాబులు చెప్పకండి.

ఇంకొక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది: “ఏ పార్టీ తరఫున వచ్చారమ్మా?” ఏ పార్టీ కాదని ఒక్క మాటలో చెప్పి ఊరుకోండి. ఎవరికి వేస్తారని సరదాకైనా అడగవద్దు. సంతకం లేదా వేలిముద్ర పెట్టే ముందు నింపినదంతా చదివి వినిపించండి. అబద్ధపు ప్రకటనకు ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఆ బాధ్యత సంతకం పెట్టిన మనిషిది, మీది కాదు. రశీదు ఆయన చేతికే ఇచ్చి, దాని మీది నంబరు మాత్రం మీ పుస్తకంలో రాసుకోండి.

అభ్యాసం: మీ వీధి చివర రాత్రిళ్లు నిద్రించేవారిలో ఒకరితో మాట్లాడండి. వారి అనుమతితో చోటు, వచ్చే వేళ, వానాకాలపు మకాం మూడు వాక్యాల్లో రాయండి. ఆ కాగితం చూసి కొత్తవారు ఆ మనిషిని కనుక్కోగలరేమో మీ తోటి కార్యకర్తను పంపి చూడండి.

5వ పాఠంలో: దరఖాస్తు తిరస్కరిస్తే 15 రోజుల్లోగా జిల్లా మేజిస్ట్రేటుకు అప్పీలు రాయడం.