మృగశిరకు ముందు పాత .315 రైఫిల్ ట్రిగ్గర్ చూసుకోవాలి

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. వరంగల్ పక్క మే నెలంతా కాసే ఎండకు రైఫిల్ కట్టె కూడా ఎండి కుంచించుకుపోతుంది. మృగశిర వానలు పడగానే తేమ పీల్చి ఉబ్బుతుంది. లీ-ఎన్‌ఫీల్డ్ తరహా పాత .315 బోరు రైఫిల్‌కి ఇదే పెద్ద చిక్కు. అందులో ట్రిగ్గర్ వేలాడేది దాని చుట్టూ ఉండే గార్డుకు, సియర్ (పేల్చే పిన్నును వెనక్కి పట్టి ఉంచే కొక్కెం) ఉండేది రిసీవర్‌కు, అంటే బోల్ట్ కదిలే ఇనుప భాగానికి. ఆ రెంటి మధ్య దూరాన్ని పట్టి ఉంచేది కట్టె, ముందు గార్డు స్క్రూ చుట్టూ ఉండే చిన్న ఇనుప బుష్. బుష్ పోయిన రైఫిల్లో కట్టె ఎండి స్క్రూ వదులైందని గట్టిగా బిగిస్తే గార్డు పైకి జరిగి, ట్రిగ్గర్ ఎప్పుడూ సియర్‌ను నొక్కుతూనే ఉంటుంది. అప్పుడు సియర్ కాకింగ్ పీస్‌ను (పేల్చే పిన్ను వెనక కొసన ఉండే ముక్క) కొస అంచుతో మాత్రమే పట్టుకుంటుంది. చిన్న కుదుపు చాలు, జారిపోతుంది.

పరీక్షించే ముందు తూటాలు వేరే గదిలో పెట్టండి. మ్యాగజైన్ తీసేయండి. బోల్ట్ తెరిచి ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, చిటికెన వేలితోనూ తడిమి చూడండి. గొట్టం మట్టి కుప్ప వైపే ఉండాలి.

బోల్ట్ మూసేటప్పుడు చివరి అంగుళంలో స్ప్రింగు బరువు చేతికి తెలియాలి. తెలియకుండా సులువుగా మూసుకుంటే సియర్ పట్టలేదని అర్థం. నెమ్మదిగా ఒకసారి, జోరుగా ఐదారుసార్లు మూసి చూడండి. తర్వాత ట్రిగ్గర్‌ను మొదటి దశ వరకే, అంటే గట్టిగా తగిలే దాకా తేలిగ్గా వచ్చినంత వరకే లాగి వదలండి. అది వెనక్కి రావాలి. అలాగే కాక్ చేసి (స్ప్రింగు ఎక్కించి) ఉంచి బట్టు మడమను రబ్బరు సుత్తితో తట్టండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగండి, వేలు తీసేశాక సేఫ్టీ తీయండి. వీటిలో ఎక్కడ కాకింగ్ పీస్ పడిపోయినా ఆ రైఫిల్లో తూటా పెట్టకూడదు.

సైన్యపు లెక్కలో ఈ ట్రిగ్గర్ మొదటి దశ లాగుడు 3 నుంచి 4 పౌండ్లు, రెండో దశ 5 నుంచి 6 పౌండ్లు. మొదటి దశే లేకుండా ట్రిగ్గర్ ఒక్కసారిగా వదిలేస్తుంటే గార్డు పైకి జరిగిందేమో, లేదా ఎవరో సియర్‌ను రాపిడి చేశారేమో అని అనుమానించాలి. సియర్ బద్ధకంగా తిరిగొస్తూ, మ్యాగజైన్ పట్టు కూడా వదులుగా ఉంటే స్ప్రింగు అలసిపోయినట్టే. రెంటికీ స్ప్రింగు ఒక్కటే. పాత నూనె జిగురుగా గడ్డకట్టినా సియర్ అలాగే నడుస్తుంది కాబట్టి ముందు కిరోసిన్‌తో కడిగి, తుడిచి, సన్నటి నూనె ఒక్క చుక్క వేసి మళ్లీ చూడండి.

ట్రిగ్గర్ తేలిక చేద్దామని ఆకురాయి మాత్రం పట్టకండి. సియర్ మీద గట్టిదనం పైపొర వరకే ఉంటుంది. అది పోతే కోణం మారుతుంది, మెత్తటి లోహం రోజురోజుకూ అరుగుతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకు కూడా లైసెన్సు ఉన్న దుకాణమే కావాలి. ఖాళీ రైఫిల్ కవరులో పెట్టి, లైసెన్సు పుస్తకం వెంట తీసుకెళ్లి ఇవ్వండి, రసీదు తీసుకోండి. బుష్ ఉందో లేదో చూడమని ముందే చెప్పండి. తిరిగొచ్చాక ఇవే పరీక్షలు మళ్లీ చేయండి. కట్టె బాగా ఉబ్బే శ్రావణంలో ఇంకోసారి చేయండి.