స్కోపస్‌లో మన పేరు ముక్కలైపోతే ఎలా కలుపుకోవాలి

మొన్న ఆదివారం ఎంవీపీ కాలనీలో మా ఫ్రెండ్ వాళ్ళింటికి వెళ్తే తను అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి అప్లికేషన్ నింపుతోంది, స్కోపస్ (రీసెర్చ్ పేపర్లనీ వాటి సైటేషన్లనీ నమోదు చేసే డేటాబేస్) ఐడీ అన్న గడి దగ్గరికొచ్చి ఆగిపోయింది, ఎందుకంటే తన పేరు కొడితే మూడు ప్రొఫైల్స్ వచ్చాయి, మూడూ తనవే. పీహెచ్‌డీ అప్పటివి ఒకదాంట్లో, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చి రాసినవి ఇంకోదాంట్లో, ఒక కాన్ఫరెన్స్ పేపర్ మాత్రం ఒంటరిగా మూడోదాంట్లో. ఇది తన ఒక్కదాని సమస్య కాదు, మన తెలుగు పేర్లున్న చాలామందికి ఇదే జరుగుతోంది, అందుకే వివరంగా రాస్తున్నా.

స్కోపస్‌లో ప్రొఫైల్ మనం తెరిచేది కాదు. పేపర్ ఎక్కగానే పేరు, కాలేజీ, సబ్జెక్టు, కో-ఆథర్లు ఇవన్నీ చూసి సిస్టమే ఒక ఐడీ కిందకి చేరుస్తుంది. మనకేమో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. కొల్లూరి శ్రీనివాసరావు అనే ఆయన ఉన్నారనుకోండి, ఒక జర్నల్‌లో "రావు, కె.ఎస్." అవుతారు, ఇంకోదాంట్లో "శ్రీనివాసరావు, కె.", మరోదాంట్లో "కొల్లూరి, ఎస్.ఆర్.". దానికి తోడు అడ్రస్, ఆంధ్రా యూనివర్సిటీ పాత పేపర్లలో వాల్తేరు అని ఉంటుంది, తర్వాతవాటిలో విశాఖపట్నం, కొందరైతే వైజాగ్ అనే రాసేస్తారు. మెషిన్‌కి అనుమానం వస్తే కలపదు, కొత్త ఐడీ ఇచ్చేస్తుంది.

దీనివల్ల నష్టం ఎంతో చూడండి. ఒక ప్రొఫైల్‌లో పేపర్లకి సైటేషన్లు (వేరేవాళ్ళు తమ పేపర్లలో మనదాన్ని ప్రస్తావించిన లెక్క) 20, 12, 9, 6, 3 ఉన్నాయనుకుందాం, హెచ్-ఇండెక్స్ 4, అంటే కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగు ఉన్నాయని. రెండోదాంట్లో 15, 10, 7, 2, అక్కడ 3. రెండూ కలిపితే ఏడు రాదు, వరసగా పేర్చి లెక్కేస్తే 6 వస్తుంది. అయినా ఇంటర్వ్యూ బోర్డు ముందు 4కీ 6కీ చాలా తేడా ఉంది కదా, అదీ మనం కష్టపడి సంపాదించుకున్నదే.

ఇక పని. స్కోపస్ సైట్‌లో ఆథర్ సెర్చ్ ఉచితం, కాలేజీకి సబ్‌స్క్రిప్షన్ లేకపోయినా పర్లేదు. పేరుని అన్ని రకాలుగా కొట్టి చూడండి, ఇంటిపేరుని లాస్ట్ నేమ్ గా ఒకసారి, రావు, కుమార్, లక్ష్మి లాంటి చివరి మాటని ఒకసారి, కలిపి రాసి ఒకసారి, పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఒకసారి. కనబడ్డ ప్రతి ఐడీ నంబర్ కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎల్సెవియర్ (స్కోపస్ నడిపే సంస్థ) అకౌంట్‌తో లాగిన్ అయ్యి మీ ప్రొఫైల్స్ అన్నీ టిక్ పెట్టి మెర్జ్ రిక్వెస్ట్ పంపాలి. అందులోనే ఏ పేరు కనబడాలో ఎంచుకోమంటుంది, ఆ తర్వాత పేపర్లు ఒక్కొక్కటే చూపిస్తుంది.

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు ప్లీజ్. "రావు, కె.ఎస్." అంటే ఎంతమంది ఉంటారో ఆలోచించండి, మీది కెమిస్ట్రీ అయితే మధ్యలో ఎవరిదో సివిల్ పేపర్ దూరి ఉండొచ్చు. మీది కాని పేపర్‌ని కౌంట్ తగ్గినా సరే తీసేయండి, అది వేరేవాళ్ళ కష్టం, వాళ్ళ ప్రొఫైల్‌లో లోటు పడుంటుంది. మీ పేపర్ కనబడకపోతే ముందు ఆ జర్నల్ స్కోపస్‌లో ఉందో లేదో చూసుకోండి, లేని జర్నల్ పేపర్‌ని ఎంత అడిగినా చేర్చరు. ఇంకో ముఖ్యమైన మాట, ఈ సవరణకి పైసా కట్టక్కర్లేదు, ప్రొఫైల్ బాగుచేస్తాం డబ్బులివ్వండి అనేవాళ్ళకి పాస్‌వర్డ్ అస్సలు ఇవ్వొద్దు.

మళ్ళీ ముక్కలవకుండా ఉండాలంటే ఆర్కిడ్ (ORCID) అనే రీసెర్చర్ ఐడీ తీసుకోండి, 16 అంకెల నంబరు, 2012 నుంచి ఇస్తున్నారు, ఫ్రీ. అందులో మీ పేరు వేరే రూపాలన్నీ "ఆల్సో నోన్ యాజ్" కింద రాయండి, స్కోపస్ ఐడీ లింక్ చేయండి, పేపర్ పంపినప్పుడల్లా ఆ నంబర్ ఇవ్వండి. కాలేజీ మెయిల్‌తో పాటు సొంత మెయిల్ కూడా పెట్టండి, ఉద్యోగం మారాక కాలేజీ మెయిల్ ఆగిపోతే లాగిన్ అవ్వడం కష్టం. వెబ్ ఆఫ్ సైన్స్ అనే ఇలాంటి ఇంకో డేటాబేస్‌లో కూడా మీ రికార్డు క్లెయిమ్ చేసుకోవచ్చు, పద్ధతి దాదాపు ఇదే. గూగుల్ స్కాలర్‌లో అయితే కొత్త పేపర్లు తనంతట తనే చేర్చే సెట్టింగ్ ఆపేసి, ముందు మెయిల్ చేసి అడిగేలా పెట్టుకోండి, లేకపోతే ఊళ్ళోవాళ్ళ పేపర్లన్నీ మీ ఖాతాలో పడిపోతాయి.

అన్నింటికంటే ముందు ఒకే స్పెల్లింగ్, ఒకే వరస ఖాయం చేసుకోండి, ఇంటిపేరు పూర్తిగా రాస్తే ఇంకా మంచిది, పీహెచ్‌డీలో చేరిన మొదటి ఏడాదే.

రిక్వెస్ట్ పంపాక మార్పు కనబడ్డానికి టైమ్ పడుతుంది, వచ్చే మెయిల్ దాచుకోండి. మా ఫ్రెండ్‌కి అప్లికేషన్ గడువు దగ్గరపడింది, అందుకని పెద్ద ప్రొఫైల్ ఐడీ గడిలో రాసి, మిగతా రెండు నంబర్లూ, మెర్జ్ రిక్వెస్ట్ మెయిల్ ప్రింటూ జత చేసి పంపింది.