కృష్ణ ఒడ్డున క్యారవాన్ ఆపే ముందు

దసరా సెలవుల్లో క్యారవాన్ (పడకలు, మరుగుదొడ్డి ఉన్న పెద్ద బండి) అద్దెకు తీసుకుని, శ్రీశైలం జలాశయం ఒడ్డునున్న సోమశిలకో సాగర్‌కో వెళ్లి, నది ఒడ్డున రెండు రాత్రులు గడపాలనుకునేవారు ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. మీ నెత్తిమీద కురిసే వానకూ మీ ముందున్న నది పెరగడానికీ సంబంధం లేకపోవచ్చు. పాలమూరులో, నల్లగొండలో ఎండ కాస్తున్న రోజునే కృష్ణకు వరద రావడం ఇక్కడివారికి కొత్త కాదు. మహాబలేశ్వర్ కొండల్లో పడిన వాన ఆల్మట్టి, నారాయణపూర్ డ్యాంలు దాటి తంగడి దగ్గర తెలంగాణలోకి అడుగుపెడుతుంది. భీమా నది నీటిని కూడా కలుపుకుని జూరాల ప్రాజెక్టుకు చేరుతుంది. అక్కడి నుంచి శ్రీశైలం, తర్వాత సాగర్, ఆపైన పులిచింతల. కాబట్టి వాతావరణ సూచన చూసి "మనవైపు వాన లేదట" అని నిశ్చింతగా ఉండటం చాలదు. ఎగువన ఏం జరుగుతున్నదో చూడాలి.

అది కనుక్కోవడం కష్టమేమీ కాదు. వానాకాలంలో దినపత్రికల జిల్లా పేజీల్లో రోజూ ప్రాజెక్టుల నీటిమట్టాలు, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో వేస్తారు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. నీరు ఈ అంకెలకు దగ్గరగా ఉన్నప్పుడు పైనుంచి వచ్చినదాన్ని ఆపుకునే చోటు జలాశయంలో మిగలదు, వచ్చింది వచ్చినట్టే కిందికి వదలాలి. లక్ష క్యూసెక్కులు అని వార్తలో చదివి పేజీ తిప్పేస్తాం. అంటే సెకనుకు 28 లక్షల లీటర్లకు పైనే. ఒక రోజంతా అలాగే వస్తే ఎనిమిదిన్నర టీఎంసీలకు పైనే (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అక్టోబరు వచ్చింది కదా, వానలు వెనుకపట్టాయి కదా అనీ అనుకోవద్దు. తుంగభద్ర పొంగి కర్నూలును, అలంపూర్‌ను ముంచింది 2009 అక్టోబరు మొదట్లోనే.

గేట్లు మూసి ఉన్నాయన్నది కూడా పూర్తి భరోసా కాదు. డ్యాం పక్కనే జలవిద్యుత్ కేంద్రం ఉంటుంది. కరెంటు అవసరం పెరిగిన వేళ టర్బైన్లు తిప్పితే దిగువన నీరు పెరుగుతుంది, ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా సరే. జూరాల కింద, శ్రీశైలం కింద, సాగర్ కింద బయటపడి కనిపించే బండరాళ్లు, ఇసుక మేటలు పిల్లల్ని రమ్మని పిలుస్తున్నట్టే ఉంటాయి. అక్కడికి దిగనివ్వకండి. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, లార్జి ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న పిల్లలు వాళ్లు. ఆ వార్త చదివి కన్నీళ్లు పెట్టుకోని ఇల్లు మనవైపు లేదు. సైరన్ మోగితే సామాను సర్దుకోవడం మొదలుపెట్టవద్దు, ముందు మనుషులు గట్టెక్కాలి.

ఇక బండి ఎక్కడ ఆపాలి? రాత్రి చీకట్లో చేరుకుని చోటు వెతుక్కుంటే ఏదీ కనిపించదు, పొద్దు ఉండగానే చేరండి. ఒడ్డున తుమ్మచెట్ల కొమ్మలకు ఎండిన గడ్డి, నాచు, ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని ఉన్నాయా చూడండి. నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయనడానికి అదే గుర్తు. బండల మీద తెల్లటి చార ఉంటే అదీ నీటిమట్టం గుర్తే. ఆ గుర్తులకు బాగా పైన, గట్టి నేల మీద ఆపాలి. సోమశిల వైపు బ్యాక్‌వాటర్ ఒడ్లు చాలాచోట్ల వాలు తక్కువగా ఉంటాయి. యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలే నేల మీద మట్టం ఒక్క అడుగు పెరిగితే నీటి అంచు యాభై అడుగులు ముందుకొస్తుంది. సాయంత్రం దూరంగా కనిపించిన నీళ్లు తెల్లవారేసరికి చక్రాల దగ్గర ఉండటంలో వింత లేదు.

అన్నింటికంటే నమ్మదగిన కొలబద్ద చేపలు పట్టేవాళ్లు, పుట్టి నడిపేవాళ్లు. "అన్నా, పోయిన వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అని అడిగితే వేలుపెట్టి చూపిస్తారు. ఆ వేలు చూపించిన చోటుకు ఇంకా పైకి వెళ్లండి. చదునుగా, పచ్చగా, బండి ఆపడానికే చేసినట్టు కనిపించే నేల శిఖం భూమి కావచ్చు. అంటే నీరు నిండితే మునిగే నేల, అది నీటికి చెందిన చోటు. పైగా అక్కడ ఒండ్రుమట్టో నల్లరేగడో ఉంటుంది. మూడు టన్నుల బండి పొడిగా ఉన్నప్పుడు హాయిగా దిగుతుంది, ఒక్క జల్లు పడితే ఇరుసుదాకా కూరుకుపోతుంది. ట్రాక్టరు కోసం ఊళ్లోకి వెళ్లాల్సిన అవసరం అర్ధరాత్రి, నీరు పెరుగుతున్నప్పుడు రాకూడదు.

బండి ముందుభాగం రోడ్డు వైపు ఉండేలా ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. తాళంచెవి ఎక్కడ ఉందో పెద్దవాళ్లందరికీ తెలియాలి. పడుకునే ముందు కుర్చీలు, స్టవ్వు లోపల పెట్టేయండి. బండి పక్కకు కట్టిన పందిరిని రాత్రికి చుట్టేయడం ఇంకా మంచిది. నీటి అంచున ఒక పుల్ల పాతి, పడుకునేటప్పుడు ఒకసారి, మధ్యలో మెలకువ వచ్చినప్పుడు ఒకసారి టార్చి వేసి చూడండి. పుల్ల మునిగిందంటే ఆలోచన వద్దు, బయలుదేరండి. తిరుగుదారి ముందే చూసి పెట్టుకోవాలి. దుందుభి అని కూడా పిలిచే డిండి వాగు పొంగినప్పుడు లోలెవల్ వంతెనల మీదుగా నీరు పారుతుంది. క్యారవాన్ బరువైనదే కానీ పెట్టెలా వెడల్పయినది. రెండడుగుల లోతున పారే నీరు చాలు, చక్రాలు నేలను వదిలేయడానికి. అటువంటి వంతెన ఎదురైతే ఇవతలే ఆగిపోవడం తప్ప వేరే తెలివి లేదు.

నది తర్వాత నాకు ఎక్కువ భయం కలిగించేది బండి లోపలి గాలి. చలిగా ఉందని కిటికీలన్నీ మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, ఏసీ కోసం రాత్రంతా ఇంజన్ ఆన్‌లో ఉంచడం, జనరేటర్‌ను తలుపు పక్కనే నడపడం, ఈ మూడూ మనుషుల్ని నిద్రలోనే చంపగలవు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మగత వచ్చేసరికి లేచి తలుపు తీసే శక్తి ఉండదు. ఇంజన్ ఆపేయండి, పైకిటికీ కొంచెం తెరిచి ఉంచండి. ఆ వాయువును పసిగట్టి మోగే అలారం ఉన్న బండినే అద్దెకు అడగండి. వంటగ్యాస్ సంగతి వేరు, అది గాలికన్నా బరువైనది కాబట్టి నేలమట్టంలో పేరుకుంటుంది. కింద వదిలిన గాలిరంధ్రాన్ని చలికని గుడ్డతో మూయకండి. వంట బయటే చేసుకుని, పడుకునే ముందు సిలిండర్ వాల్వు కట్టేయండి.

పొలాల్లో మోటార్లకు వెళ్లే తీగలు కొన్నిచోట్ల బాగా కిందికి వేలాడుతుంటాయి. బండి పైకప్పు మీద ఏసీ ఉంటే ఎత్తు ఇంకా పెరుగుతుంది, ఒకరు దిగి ముందు నడిచి చూడాలి. రైతు మంచివాడై ఒప్పుకున్నా స్టార్టర్ డబ్బా నుంచి కరెంటు తీసుకోవద్దు. ఉరుములు మొదలైతే పందిరి కిందా, తాటిచెట్ల కిందా నిలబడక, బండిలోకి ఎక్కి తలుపులు, కిటికీలు మూసుకోండి.

జూరాల పరిసరాల్లో, కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. తెల్లవారుజామున, చీకటి పడ్డాక నీటి అంచుకు గిన్నెలు కడగడానికి వెళ్లకండి. పాముల విషయంలో కట్లపామును తక్కువగా చూడవద్దు. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే అనుమానించాల్సింది దాన్నే. అందరూ బండి లోపలే, మంచం మీద పడుకోవాలి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే మీ బండిలోనే దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి. అది ఎంత దూరంలో ఉందో, దారి ఏదో బయలుదేరిన రోజే కాగితం మీద రాసి డ్రైవరు ముందు అంటించుకోవాలి, ఎందుకంటే నల్లమల లోపల చాలాచోట్ల ఫోను పనిచేయదు.

నల్లమల మాట వచ్చింది కాబట్టి, శ్రీశైలం రోడ్డు మీద అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. ఆలస్యమైతే మన్ననూరులోనే ఆగండి, అడవిలో రోడ్డు పక్కన బండి ఆపి పడుకోవడానికి అనుమతి లేదు. నీళ్ల క్యాన్లు ఇంటి నుంచే నింపుకోండి. వాడపల్లి సంగమం దగ్గర కృష్ణలో కలిసేది హైదరాబాద్ మురుగును మోసుకొచ్చిన మూసీ, ఆ నీటిని వంటకు వాడవద్దు. బండిలోని మరుగుదొడ్డి ట్యాంకును కూడా నదిలో, వాగులో ఖాళీ చేయకండి. దిగువ ఊళ్లవాళ్లు ఆ నీళ్లలోనే స్నానాలు చేస్తారు. ఊళ్లోకి వచ్చాక పెట్రోలు బంకులోనో బస చేసే హోటల్లోనో అడిగి, సెప్టిక్ ట్యాంకు ఉన్నచోట ఖాళీ చేయించండి.