‘ఆ కాలేజీ కంటే మీది మంచిదా సార్?’ అని అడిగితే ఎలా జవాబివ్వాలి?

పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లల్లో ఇంకా ఎంసెట్టే. ఆ ర్యాంకులు రాగానే ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో అడ్మిషన్ల డెస్క్ ముందు కుర్చీలు నిండిపోతాయి. వచ్చినవాళ్లు మీ కాలేజీ గురించి ఎంత అడుగుతారో, అదే రోడ్డు మీదున్న పక్క కాలేజీ గురించీ అంతే అడుగుతారు. దీనికి చాలా డెస్కుల్లో వినపడే జవాబులు వింటే ఒళ్లు మండుతుంది. ఎండాకాలం క్లాసుల్లేవని అడ్మిషన్ డ్యూటీ వేసిన లెక్చరర్లకు ఇది ఎవరూ నేర్పరు. కాబట్టి వరసగా చెబుతాను.

ముందు టేబుల్ సర్దుకోండి. మీ కాలేజీకి ఈ ఏడాది వచ్చిన ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి) అనుమతి పత్రం, నిర్ణయించిన ఫీజు కాగితం, కిందటేడాది బ్రాంచివారీగా సీటు వచ్చిన చివరి ర్యాంకులు, ఒక తెల్ల నోట్‌ప్యాడ్, నీలం పెన్ను, మంచినీళ్ల సీసా. ఎర్ర పెన్ను వద్దు. మెరిసే బ్రోషర్ సొరుగులో ఉండాలి, వెళ్లేటప్పుడు ఇవ్వాలి. మొదటే చేతిలో పెడితే ఇక మీ మాట వినరు, బొమ్మలు చూస్తారు.

కూర్చోగానే ర్యాంకు, కేటగిరీ, కావలసిన బ్రాంచి అడగండి. కన్వీనర్ కోటానా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నిండే సీట్లు), బీ కేటగిరీనా (మేనేజ్‌మెంట్ కోటా) అన్నది కూడా. డెబ్బై శాతం సీట్లు కౌన్సెలింగ్‌లోనే నిండుతాయి కాబట్టి, ర్యాంకు బాగున్న పిల్లవాడికి మీరు సీటు ఇచ్చేదేమీ లేదు, వెబ్ ఆప్షన్లలో, అంటే కౌన్సెలింగ్‌కి ఇచ్చే కాలేజీల వరసలో, మిమ్మల్ని ఎన్నో స్థానంలో పెట్టుకుంటాడన్నదే మిగిలిన విషయం. తర్వాత ఇంకా ఏ కాలేజీలు చూశారో అడగండి. ఇది దాచిపెట్టే సంగతేం కాదు, అడిగితే చెబుతారు. ప్రశ్న మాత్రం పిల్లలవైపు తిరిగి అడగాలి. “నీకు ఎక్కడ నచ్చిందమ్మా?” అంటే తండ్రి చెప్పని కారణం బయటికొస్తుంది. చాలాసార్లు అది హాస్టలో, బస్సు రూటో, అదే కాలేజీలో చేరుతున్న స్నేహితురాలో అయి ఉంటుంది.

ఇక పోలిక ప్రశ్నలు. అంకెల్లో జవాబున్న ప్రశ్న తేలిక. “వాళ్లకి న్యాక్‌లో ఏ ప్లస్ ఉందట, మీకేముంది?” అంటే మీ గ్రేడు చెప్పండి, అది ఏ ఏడాది దాకా చెల్లుతుందో కూడా చెప్పండి. రెండూ నాణ్యత గుర్తింపులే, కానీ న్యాక్ కాలేజీ మొత్తానికిచ్చే గ్రేడు, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి విడిగా ఇచ్చేది. ఈ తేడా చెప్పకుండా “మాకు ఎన్‌బీఏ ఉందండీ” అనేవాళ్లని చూస్తే నాకు కోపం. ఏ బ్రాంచికి ఉంది? కొత్తగా పెట్టిన ఏఐఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) బ్రాంచికి ఉండే అవకాశమే తక్కువ, ఎందుకంటే కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వెళ్తే గానీ ఆ గుర్తింపుకి అప్లై చేయలేరు. ప్లేస్‌మెంట్ల సంగతి వస్తే హయ్యెస్ట్ ప్యాకేజీ ఎత్తకండి. కేంద్ర విద్యాశాఖ ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి పంపిన వివరాలు కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, మధ్యస్థ జీతమెంతో ఉంటుంది. మీది చూపించి, వాళ్లది కూడా అక్కడే చూసుకోమనండి. ఫీజుకీ అంతే. తెలంగాణలో ఫీజుల నియంత్రణ కమిటీ టీఏఎఫ్‌ఆర్‌సీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్య నియంత్రణ కమిషన్ చెప్పిన అంకె ఒకటి ఉంటుంది. దానిపైన మీరు తీసుకునే బస్సు, హాస్టల్ ఖర్చులు అడగకముందే రాసివ్వండి.

అవతలి కాలేజీ నిజంగా మెరుగ్గా ఉన్నచోట ఒప్పేసుకోండి. “వాళ్ల మెకానికల్ ల్యాబ్ పాతది, పెద్దది. మెకానికలే కావాలంటే అది ఒకసారి చూసి రండి.” ఇలా చెబితే అడ్మిషన్ పోతుందని మేనేజ్‌మెంట్ వాళ్లకి టెన్షన్. పోదు. ఒక్కచోట నిజం చెప్పినవాడి మిగతా మాటలన్నీ నిజమని నమ్మడం మన జనం అలవాటు.

తేలికైనవి అయిపోయాయి. మిగిలిన ఒక్క మెట్టు దగ్గరే అందరూ జారిపడతారు.

“అక్కడ ఫ్యాకల్టీ సరిగా ఉండరట కదా సార్?”

గొంతు కాస్త తగ్గించి అడుగుతారు. అడిగేవాడికి ఆ సంగతి ముందే ఎవరో చెప్పి ఉంటారు, మీ నోటి నుంచి వినాలని వచ్చాడు. ఇక్కడ మూడు రకాల తప్పులు జరుగుతాయి. మొదటిది, అందిపుచ్చుకోవడం: “అవునండీ, మొన్ననే అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చేశారు కొందరు.” రెండోది, అన్నీ మంచి కాలేజీలేనని మాట దాటేయడం. తండ్రికి అది తప్పించుకోవడంలా వినపడుతుంది. మూడోది, అన్నిటికంటే చెడ్డది. “మేం వేరే కాలేజీల గురించి మాట్లాడమండీ” అని నోటితో అంటూ, పక్కనున్న కొలీగ్ వైపు చూసి నవ్వడం. ఆ నవ్వు చాలు. ఇంటికెళ్లి “వాళ్లే ఒప్పుకున్నారు” అంటారు.

సాయంత్రం అదే కుటుంబం అవతలి కాలేజీలోనూ కూర్చుంటుంది, మీ మాట మీ పేరుతో సహా అక్కడికి చేరుతుంది. వాళ్ల తోడల్లుడి కొడుకు అక్కడే థర్డ్ ఇయర్ చదువుతుండొచ్చు. అడిగినవాడు తండ్రే కాకపోవచ్చు, అవతలివాళ్లు మనుషుల్ని పంపి అడిగించడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. వచ్చే జూన్‌లో మీరే ఆ కాలేజీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాల్సి రావచ్చు. వీటన్నిటికీ మించి, పెళ్లి సంబంధం చూడటానికి వచ్చినవాళ్లకి పక్కింటి అబ్బాయి తాగుతాడని చెబితే వాళ్లు ఆ అబ్బాయిని వదిలేస్తారేమో గానీ, చెప్పినవాడికి మాత్రం పిల్లనివ్వరు.

మరి ఏం చెప్పాలి? మూడు మాటలు, ఇదే వరసలో. “నేను అక్కడ పనిచేయలేదండీ, కాబట్టి ఉన్నారనీ లేరనీ చెప్పలేను. వాళ్ల వెబ్‌సైట్‌లో మ్యాండేటరీ డిస్‌క్లోజర్ అని ఉంటుంది, అందులో ఫ్యాకల్టీ పేర్లుంటాయి. కాలేజీ నడిచే రోజు వెళ్లి థర్డ్ ఇయర్ పిల్లల్ని క్యాంటీన్‌లో అడగండి. మా దగ్గరా అలాగే అడగండి.” అంతే. ఇక్కడ ఆగాలి. ఆగడమే కష్టం. నిశ్శబ్దం భరించలేక “అయినా మీరు విన్నది కొంతవరకు…” అని మొదలెట్టారంటే ఇంతసేపు చేసింది గంగలో కలిసినట్టే. మంచినీళ్ల సీసా టేబుల్ మీద ఉంచమనేది అందుకే, ఒక గుక్క తాగండి.

విన్నది నిజమని మీకు ఖాయంగా తెలిసినా సరే, చెప్పకండి. ఒక కోర్సుకి అనుమతి లేదని పుకారు ఉందనుకోండి. ఏఐసీటీఈ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న కాలేజీల జాబితా ఉంటుంది. అది వాళ్ల ఫోన్‌లో, వాళ్ల చేత్తోనే వెతికించండి. మీ కంప్యూటర్ స్క్రీన్ తిప్పి చూపించారంటే అది మీరు చేసిన ఆరోపణ అవుతుంది. వాళ్లే చూసుకుంటే వాళ్లు తెలుసుకున్న సంగతి అవుతుంది.

కొన్ని కాలేజీల మార్కెటింగ్ వాళ్లు పోలిక పట్టికలు ప్రింట్ చేయిస్తారు. మనకి వరసగా పచ్చ టిక్కులు, పక్కవాళ్లకి ఎర్ర ఇంటూలు. ఆ కాగితం టేబుల్ మీద కనపడకూడదు. పట్టిక గీసినవాడే వరసలు ఎంచుకున్నాడని పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. పైగా అందులో ఒక్క గడి పాతబడినా (న్యాక్ గ్రేడు మారొచ్చు, ఫీజు మారొచ్చు) మొత్తం అబద్ధమైపోతుంది, ఆ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో మీ కాలేజీ పేరుతోనే తిరుగుతుంది. తెల్ల నోట్‌ప్యాడ్ మీద తండ్రి ఎదురుగా, ఆయన అడిగిన నాలుగు సంగతులే రాసి, మన వైపు నింపి, అవతలి వైపు ఖాళీగా వదిలి చేతికివ్వండి. “ఇది అక్కడ అడిగి నింపుకోండి” అనండి. ఆ ఖాళీ గడులు పట్టుకుని వెళ్లిన చాలామంది తిరిగి నా టేబుల్ దగ్గరికే వచ్చారు. అడ్మిషన్లు తెచ్చిపెట్టే కన్సల్టెన్సీల వాళ్లకి ఇది నచ్చదు, నచ్చాల్సిన పనీ లేదు.

ఫోన్‌లో అడిగినా ఇదే పద్ధతి, కాల్ రికార్డవుతోందనే అనుకోండి. వాట్సాప్‌లో అడిగితే అవతలి కాలేజీ పేరు మీ మెసేజ్‌లో టైప్ చేయకండి. “కూర్చుని మాట్లాడుకుందాం, ఫలానా రోజు రండి” అని మాత్రం పంపండి.

లేచేటప్పుడు “ఈ రోజే కట్టకపోతే సీటు పోతుంది” అనకండి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చేయండి. వాటిని కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా కొన్నిచోట్ల పిల్లలు వేరే కాలేజీకి వెళ్లకుండా వాటినే పట్టుకుంటారు. చివర్లో బ్రోషర్ ఇవ్వండి. వెబ్ ఆప్షన్ల గడువుకి రెండు రోజుల ముందు ఒక్కసారి ఫోన్ చేసి, ఏమైనా సందేహాలున్నాయా అని అడగండి. వేరే కాలేజీ ఖాయం చేసుకున్నామంటే ఆ నంబరు జాబితాలోంచి కొట్టేయండి, మళ్లీ చేయకండి.